అవగాహన డ్రమ్ము

టీచరమ్మ ఏ బళ్ళోనూ ఏనాడూ పాఠం చెప్పలేదు. డిగ్రీ చదివి, పెళ్ళి చేసుకుని, ఇల్లు చక్కబెట్టుకుంటున్న మనిషి. అయినా సందులో చిన్నాపెద్దా అంతా ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలుస్తారు. పాలు కొలిచేవాడి చెయ్యి కాస్త వంగినా, ఎదురింటి గేటు బందు ఊడినా ఆవిడ కంట పడకుండా పోదు. కంట పడ్డాక ఊరుకునే అలవాటు ఆవిడకు లేదు. ఆవిడ మొగుడికి మాత్రం దేవుడు రెండు కళ్ళూ కెమెరా వైపు చూడటానికే ఇచ్చాడు.

ఆయనది మునిసిపల్ ఆఫీసులో ప్రజా అవగాహన విభాగం. తోటి ఉద్యోగులు 'ప్రచారం గారు' అంటారు. అది మెచ్చుకోలు అని ఆయన నమ్మకం. కిందటేడు దోమల మీద అవగాహన కల్పించాడు. అవగాహన జనానికి కలిగిందో దోమలకు కలిగిందో గానీ, ఆ వారం నుంచి దోమలు ఇంకాస్త తెలివిగా కుట్టడం మొదలుపెట్టాయి. ఆఫీసు ముందు కట్టిన ఫ్లెక్సీ వెనకాల నీళ్ళు నిలిచి, అక్కడే కొత్తగా ఇంకో సంసారం పెట్టాయి కూడా.

ఈ ఏడు పైనుంచి వచ్చిన ఆదేశం వేరు. బండ్లలో వాడేసిన ఇంజన్ ఆయిల్‌ని జనం ఎక్కడ పడితే అక్కడ పారబోస్తున్నారు, దాన్ని సేకరించి శుద్ధి చేయిస్తే మళ్ళీ పనికొస్తుంది, ఆ సంగతి ప్రజలకు తెలియజెప్పండి అని.

"ఒక కరపత్రం రాసిపెట్టు," అన్నాడు ఆయన, చొక్కా విప్పి తలుపు మీద పడేస్తూ. "నీకు భాష బాగా వచ్చుగా."

"ఆ పాత ఆయిల్ని సేకరించి అసలు ఏం చేస్తారో మీకు తెలుసా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అవగాహన కల్పిస్తారు," అన్నాడు.

ఆవిడ చొక్కా తీసి దండెం మీద వేసి, శుద్ధి చేసే ఫ్యాక్టరీకి తనే ఫోన్ చేసింది. ఆయిల్ ఎన్నాళ్ళు వాడినా అరిగిపోదనీ, మురికి మాత్రమే పడుతుందనీ, వడకట్టి, కాచి, శుభ్రం చేస్తే మళ్ళీ ఇంజన్లోకే పోవచ్చుననీ తెలుసుకుంది. ఒక్క డబ్బా అయినా నేలలోకి ఇంకిందంటే బావుల మీద దాని ప్రతాపం ఎంతుంటుందో కూడా తెలుసుకుంది. అవన్నీ చిన్న చిన్న మాటల్లో రాసింది. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర పెట్టింది: పాత ఆయిల్లో నీళ్ళు గానీ, డీజిల్ గానీ, రంగులు కలిపే థిన్నర్ గానీ కలపకండి, కలిస్తే మొత్తం సరుకు పాడైపోతుంది. ఆయన ఆ కరపత్రంలో ఒకే ఒక్క మార్పు చేశాడు. పైన కమిషనర్ ఫోటో పెట్టించాడు.

ఆవిడ అంత శ్రద్ధగా రాయడానికి మొగుడి మీద ప్రేమ కారణం కాదు. కారణం పెరట్లో ఉంది. వంటకూ, స్నానాలకూ వాళ్ళకున్నది ఒక్క బావి. ప్రహరీ గోడకు అవతల కాలువ, కాలువ గట్టున మెకానిక్ షెడ్డు. కిందటి వానాకాలం బకెట్టు పైకి లాగితే నీళ్ళ మీద రంగురంగుల పొర తేలింది. "అమ్మా, బకెట్లోకి ఇంద్రధనుస్సు వచ్చింది!" అని కూతురు చప్పట్లు కొట్టింది. ఈ ఏడు వానలకు ముందే ఆ పొర మళ్ళీ తేలింది; ఫ్యాక్టరీ సంగతి తెలిసిన టీచరమ్మ ఆ ఇంద్రధనుస్సుని చెంబులోకి తీసుకుని తిన్నగా షెడ్డుకు నడిచింది.

మెకానిక్ కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"లేచి ఈ నీళ్ళు తాగు," అంది.

కాళ్ళు కాస్త కదిలాయి. "ఇప్పుడే ఇంట్లో తాగొచ్చానక్కా."

"పోనీ వాసన చూడు."

వాడు బయటికి జరిగి, చెంబు వైపు చూసి, తల గోక్కున్నాడు. "ఏమక్కా, నేనొక్కణ్ణే దొరికానా నీకు? ఊళ్ళో బండ్లన్నీ నా షెడ్లోనే నూనె కక్కుతున్నాయా?"

"ఊళ్ళో బండ్ల సంగతి నాకెందుకు? నా గోడ పక్కన పోసేది నువ్వు."

"మా నాన్న కూడా అక్కడే పోసేవాడక్కా," అన్నాడు వాడు, వారసత్వంగా వచ్చిన పొలం గురించి చెబుతున్నంత ధీమాగా.

"ఆయన పోసింది చాలు. నువ్వు ఇకనుంచి క్యాన్లలో పట్టి మూతేసి పెట్టు. ఫ్యాక్టరీ బండి వచ్చి తీసుకుపోతుంది."

"రాకపోతే?"

"వస్తుంది."

"వానలు మొదలయ్యేలోపు రాలేదనుకో, నా కాలువ నాది. అప్పుడు చెంబు పట్టుకుని రాకూడదు మరి."

"వస్తుందని చెప్పానుగా," అంది టీచరమ్మ. అలా ఆవిడ మాట షెడ్డులో తాకట్టు పడింది.

మాటంటూ ఇచ్చాక ఆవిడ నిలవగలదా! ట్యాక్సీలు తోలే అన్నదమ్ముల ఇంటికి వెళ్ళింది. సెలవురోజు ఇంటి ముందే కారు ఆయిల్ మార్చి, పాతదాన్ని చెట్టు మొదట్లో కుమ్మరించే రిటైర్డు పెద్దమనిషి ఇంటికీ వెళ్ళింది. ఆయన, "చెట్టుకు బలమమ్మా," అన్నాడు. చెట్టు ఎండిపోయి అప్పటికే నిలువునా కట్టెపుల్లలా ఉంది. ఆవిడ చెట్టు వైపు చూసింది, ఆయన వైపు చూసింది, ఖాళీ క్యాన్ ఒకటి అరుగు మీద పెట్టి వచ్చేసింది.

ఆ విధంగా సందులోని పాత ఆయిలంతా మెకానిక్ షెడ్డులో ఒక మూల చేరింది. ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం, ఏదైనా ఆఫీసు ఉత్తరం రాస్తేనే బండి పంపుతాం, ఒక్క సందు కోసం రాలేం అన్నారు. ఉత్తరం రాయాల్సిన ఆఫీసు ఏదంటే మొగుడి ఆఫీసే. ప్రపంచంలో ఇంతమంది ఉండగా తన బావి వెళ్ళి వెళ్ళి ఆ మనిషి సంతకానికి వేలాడాలా అని ఆవిడకు ఒళ్ళు మండింది.

షెడ్డులో క్యాన్లు పెరిగాయి. మెకానిక్ రోజూ గోడ మీదుగా కేకేసేవాడు. "అక్కా! నీ మాట ఈ మూల నుంచి ఆ మూలకు పాకింది. జాకీ పెట్టడానికి చోటు లేదు. రేపో మాపో నా నెత్తికెక్కి కూర్చుంటుంది."

"కూర్చోనీ. అక్కడ ఎలాగూ ఏమీ లేదుగా," అనేది ఆవిడ. కానీ బట్టలు ఆరేస్తూ కూడా ఆకాశం వైపే చూసేది. మబ్బులు కమ్ముకుంటున్నాయి.

చివరికి ప్రచారం గారు బండి పిలిపిస్తానన్నాడు. అవగాహన సదస్సు పెడుతున్నాననీ, స్టేజీ వెనకాల ట్యాంకర్ నిలబడితే ఫోటో నిండుగా వస్తుందనీ అన్నాడు. "మన సందు క్యాన్లు కూడా తెప్పించు. అందరూ స్టేజీ మీదికొచ్చి డ్రమ్ములో పోస్తారు, ఆఖరి క్యాన్ కమిషనర్ గారు పోస్తారు. ఆ డ్రమ్ముని ట్యాంకర్ పట్టుకుపోతుంది."

కారణం ఏదైతేనేం, బండి వస్తోంది. ఆవిడ అంతటితో తృప్తిపడింది. ఆ మనిషి నుంచి అంతకన్నా ఆశించడం ఆవిడ ఏనాడో మానుకుంది.

సదస్సు రోజు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరుసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. సోఫాల్లో కూర్చున్న వాళ్ళెవరికీ ఇంజన్ ఆయిల్ ఏ రంగులో ఉంటుందో తెలియదు. తెలిసినవాళ్ళు షామియానా బయట ఎండలో నిలబడ్డారు. మెకానిక్ ఉతికిన చొక్కా వేసుకుని, క్యాన్లు తోపుడుబండి మీద పేర్చుకుని, ట్యాక్సీ అన్నదమ్ములతో పాటు స్టేజీ పక్కన ఉన్నాడు. మైకులోంచి ముందే రికార్డు చేసిన కరపత్రం మోగుతోంది. గొంతు ప్రచారం గారిది. ప్రతి వాక్యం చివరా తన గొంతు తనకే ముద్దొచ్చినట్టు సాగదీశాడు.

టీచరమ్మ పక్కన ఆవిడ ఆడపడుచు కూర్చుంది. "మా తమ్ముడి గొంతు చూడు, సినిమాల్లోకి పోవాల్సినవాడు," అంది.

"పోయుంటే బాగుండేది వదినా," అంది టీచరమ్మ.

స్టేజీ మధ్యలో డ్రమ్ము. ఆకుపచ్చ రంగు వేసి, మీద తెల్లగా 'చుక్క చుక్కా దాచుదాం' అని రాయించారు. దానికి మూడు మెట్ల నిచ్చెన, నిచ్చెనకు ఎర్ర రిబ్బను. టీచరమ్మ చూపు రిబ్బను మీద నిలవలేదు, డ్రమ్ము పొట్ట మీద నిలిచింది. అడుగు నుంచి మూడొంతుల దాకా డ్రమ్ముకు చెమట పట్టి ఉంది. బొట్లు బొట్లుగా జారుతోంది. ఆ పైన మాత్రం పొడిగా, గీత గీసినట్టు.

తెల్లారి బావి నీళ్ళు పట్టిన బిందె ఉక్క రోజుల్లో ఎలా ఉంటుందో ఆవిడకు తెలియనిది కాదు. ఆవిడ చల్లగా లేచింది.

"ఎక్కడికి? సార్ వస్తున్నారు!" అంది ఆడపడుచు.

"ఇప్పుడే వస్తాను వదినా."

ప్రచారం గారు స్టేజీ మెట్ల దగ్గర జేబు రుమాలుతో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"డ్రమ్ములో ఏముంది?"

"ఆయిల్."

"ఆయిల్ డ్రమ్ముకి చెమటెందుకు పట్టింది?"

"ఎండ కదా."

"ఎండకి మీకు పడుతుంది. ఇనుముకి లోపల చల్లటి నీళ్ళుంటే పడుతుంది."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నెమ్మదిగా మాట్లాడు. ఖాళీ డ్రమ్ములో పోస్తే అడుగున ఎక్కడో డబడబ చప్పుడు తప్ప ఫోటోలో ఏం కనిపిస్తుంది? అందుకని పొద్దున పైపు పెట్టించా. కింద నీళ్ళు, పైన నాలుగు డబ్బాల ఆయిల్. మీ క్యాన్లు పడేసరికి అంచుదాకా వస్తుంది. 'ఒక్క పూటలో డ్రమ్ము నిండింది' అని రేపు పేపర్లో చూసుకో!" ఆ ఐడియాకి తనే మురిసిపోయాడు.

అప్పుడే మైకులో ఆయన గొంతు గంభీరంగా పలికింది: "పాత ఆయిల్లో నీళ్ళు కలపకండి. కలిస్తే మొత్తం సరుకు పాడైపోతుంది."

టీచరమ్మ వేలు పైకెత్తి మైకు వైపు చూపించింది. "విన్నారా?"

"ఆఁ, బాగా వచ్చింది కదా? రెండుసార్లు చెప్పా ఆ ముక్క," అన్నాడు ఆయన.

ఆవిడకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషిలో అది తగలడానికి ఏదో ఒకటి గట్టిగా ఉండాలి.

"మా క్యాన్లు అందులో పోస్తే ట్యాంకర్ ఎత్తదు. అంతా పాడైపోతుంది. రేపటి నుంచి మెకానిక్ మళ్ళీ కాలువలో పోస్తాడు, అది నా బావిలోకి వస్తుంది. మీరు స్నానం చేసేది కూడా ఆ నీళ్ళే."

"డ్రైవర్‌కి టీ ఇప్పిస్తాలే. ఇప్పుడు పేచీ పెట్టకు. నా పరువు నీ చేతిలో ఉంది," అన్నాడు, అంతలోనే కారు హారన్ వినిపించి పరుగెత్తాడు.

కమిషనర్ వచ్చాడు. వచ్చాక మాట్లాడాడు. నూనె గురించి మొదలుపెట్టి, నైతిక విలువల మీదుగా తన చిన్నతనం దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆయన్ను వెనక్కి తీసుకురావడానికి రెండుసార్లు చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. తర్వాత ప్రచారం గారు మైకు అందుకున్నాడు.

"ముందుగా, మన సదస్సుకు స్ఫూర్తి అయిన ఆదర్శ గృహిణి, నా శ్రీమతి, మొదటి క్యాన్ పోయించవలసిందిగా..."

టీచరమ్మ మెట్లెక్కింది. మెకానిక్ అప్పటికే ఒక క్యాన్ భుజానికెత్తుకుని, మూత మీద చెయ్యి వేశాడు.

"మూత తియ్యకు," అంది.

"ఇదేం మెలికక్కా? ఇన్నాళ్ళూ మోయించింది నువ్వే, ఇప్పుడు వద్దనేదీ నువ్వేనా?"

"నేను బండికి ఇమ్మన్నాను. డ్రమ్ములో పొయ్యమనలేదు." ఆవిడ స్టేజీ వెనక్కి తిరిగి ట్యాంకర్ డ్రైవర్ని పిలిచింది. "బాబూ, ఈ డ్రమ్ముని నువ్వే కదా తీసుకెళ్ళాలి? ఒకసారి చూసి చెప్పు."

డ్రైవర్ ఆవులిస్తూ వచ్చాడు. అతని చేతిలో పొడుగాటి చువ్వ ఉంది, దాని పొడుగునా నీళ్ళు తగిలితే రంగు మారే పూత పూశాడు. ప్రచారం గారు "ఇప్పుడదెందుకు, తర్వాత, తర్వాత," అంటూ అడ్డం వచ్చేలోపు చువ్వ డ్రమ్ములోకి దిగిపోయింది. పైకి వచ్చేసరికి దాదాపు పిడి దాకా ఎర్రగా ఉంది.

"నీళ్ళు," అన్నాడు డ్రైవర్. "ఇది నేనెత్తను. ఇందులో ఇంకేం పోసినా అదీ ఎత్తను. నా ట్యాంకులో ఉన్నది కూడా పాడైపోద్ది." మళ్ళీ ఆవులించాడు.

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడపడుచు మాత్రం పక్కావిడతో, "మా తమ్ముడు నీళ్ళు పోసినా ఎంత సమంగా పోస్తాడో చూశారా," అంది.

కమిషనర్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమిటిది, ప్రచారం గారూ?"

ప్రచారం గారు నీళ్ళు నమిలాడు. మొహం తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత ఉన్నట్టుండి వెలిగింది. "ప్రదర్శన సార్! నీళ్ళు కలిస్తే ఏమవుతుందో ప్రజలకు కళ్ళారా చూపించాలని... ముందుగా చెబితే ఆసక్తి పోతుందని..."

"ఆహా!" అన్నాడు కమిషనర్. "అద్భుతం!" ఆయన చప్పట్లు కొట్టాడు, సోఫాలన్నీ కొట్టాయి.

టీచరమ్మ మొగుడి వైపు చూసింది. ఇంట్లో బల్బు మార్చడానికి మూడు రోజులు ఆలోచించే మనిషి, అబద్ధం దగ్గరికొచ్చేసరికి ఇంత చురుకా! ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఒక్క ప్రతిభనీ ఆవిడ తక్కువగా అంచనా వేసింది.

"మరి క్యాన్లు నేరుగా బండిలోకి ఎక్కించేస్తాం సార్," అంది కమిషనర్‌తో.

"తప్పకుండా, తప్పకుండా. కానీ..." ఆయన ఫోటోగ్రాఫర్ వైపు దిగులుగా చూశాడు. "నేను పోస్తున్నట్టు ఒక్కటి..."

"మూత తియ్యకుండా ఎంతసేపు కావాలంటే అంతసేపు వంచుకోండి సార్. కాకపోతే ఈ బండి వానాకాలమంతా నెలనెలా మా సందుకి వస్తుందని ఇక్కడే ఒక మాట చెప్పండి. అందరూ విన్నారంటే డ్రైవర్ కూడా విన్నట్టే."

కెమెరా ఎదురుగా ఉన్నంతసేపూ కమిషనర్ కాదనే మాట ఎరగడు. మైకులో గట్టిగా చెప్పాడు, తర్వాత మూత బిగించిన క్యాన్ని డ్రమ్ము మీదికి వంచి చిరునవ్వు నవ్వాడు. ఒక్క చుక్క కూడా పడటం లేదని సోఫాల్లో ఎవరికీ అనిపించలేదు. మెకానిక్ మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ, "అక్కా, పెద్దసారుకి మూత సంగతి తెలుసంటావా?" అని గొణిగాడు.

"తెలుసు. అవసరం లేదంతే," అంది ఆవిడ.

క్యాన్లు ఒక్కొక్కటిగా ట్యాంకర్ దగ్గరికి వెళ్ళాయి. డ్రైవర్ ప్రతిదాంట్లోనూ చువ్వ ముంచి, తుడిచి, ఖాళీ చేసుకున్నాడు. దేన్నీ వెనక్కి పంపలేదు. టీచరమ్మ పక్కనే నిలబడి, ఆఖరి క్యాన్ కారి కారి ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. "ఇవి మళ్ళీ షెడ్లోనే పెట్టుకోనా?" అని మెకానిక్ ఖాళీ క్యాన్లు ఊపుతూ అడిగితే, "మరి కాలువలో పెట్టుకుంటావా?" అంది. వాడు నవ్వి బండి మీద పేర్చుకున్నాడు.

ఆవిడ ఇటు తిరిగేసరికి, ఇద్దరు ఆఫీసు ప్యూన్లు డ్రమ్ముని స్టేజీ మీంచి దించి, ఆవరణ చివరి మురుగు తూము దగ్గరికి ఈడ్చుకుపోయి వాల్చడానికి సిద్ధమవుతున్నారు. పక్కన ప్రచారం గారు చేతులు దులుపుకుంటున్నాడు. ఆ తూము వాళ్ళ సందు కాలువలోకే దిగుతుంది.

"ఏం చేస్తున్నారు?"

"ట్యాంకర్ ఎత్తనంది కదా, ఇంకేం చెయ్యమంటావు? స్టేజీ విప్పాలి," అన్నాడు ఆయన. గొంతులో గెలిచిన ధీమా. "చూశావా, నా బుర్ర? నువ్వు ముంచాలని చూశావు, నేను తేలాను."

"నీళ్ళ మీద తేలేది నూనేగా," అంది ఆవిడ. తూము మీదికి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత షామియానాలో టీ తాగుతున్న కమిషనర్‌కు వినబడేలా గొంతు పెంచింది. "సార్! కలిసిన నీళ్ళని మళ్ళీ వేరు చెయ్యడం ఎంత కష్టమో మావారు ఇప్పుడు చూపిస్తారట. ప్రదర్శనలో రెండో భాగం!"

"ఓహో! రెండో భాగం కూడా ఉందా!" కమిషనర్ కప్పుతో సహా లేచి వచ్చాడు. ఫోటోగ్రాఫర్ మళ్ళీ కెమెరా తీశాడు.

ప్రచారం గారు పెళ్ళాం వైపు చూసిన చూపుకి ఇంకో మనిషైతే బూడిదైపోయేది. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. క్యాంటీన్ నుంచి ఎవరో పెద్ద గరిటె తెచ్చిచ్చారు. డ్రైవర్ పోతూ పోతూ, పైన తేలిన ఆయిల్ తీసి విడిగా పట్టి పెట్టండి, మిగిలిన జిడ్డు నీళ్ళకి మూతేసి ఉంచండి, నీళ్ళు శుభ్రం చేసే బండి వేరే ఉంది, ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యండి అని చెప్పాడు.

ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి ప్రచారం గారు నిచ్చెనెక్కాడు. మొదటి గరిటె ఆయిల్ని డబ్బాలో వంపుతుంటే ఫోటో పడింది. కమిషనర్ భుజం తట్టి కారెక్కాడు. ఆయన వెనకాలే సోఫాలు కదిలాయి, వాటి వెనకాల ఫోటోగ్రాఫర్, ఆపైన ఆడపడుచు, "తమ్ముడూ, చొక్కా జాగ్రత్త," అంటూ. షామియానా విప్పేశారు. ప్రచారం గారు గరిటె కిందపెట్టబోయాడు.

"పైన ఇంకా మెరుస్తోంది," అంది టీచరమ్మ, కుర్చీలోంచి లేవకుండా.

"ఎవరూ చూడట్లేదే!"

"నేను చూస్తున్నాను."

ఆయన పళ్ళు నూరుతూ మళ్ళీ ముంచాడు. ఈసారి గరిటెలో సగం నీళ్ళే వచ్చాయి.

"పల్చగా తోడండి. అడుగు కదలకూడదు," అంది ఆవిడ.

తోపుడుబండి నెట్టుకుపోతున్న మెకానిక్ ఆగి చూశాడు. జాలి పడాలో నవ్వాలో వాడికి తేలలేదు. "అక్కా, బావగారికి ఒక కుర్చీ వెయ్యనా?"

"వద్దులే," అంది టీచరమ్మ. "కూర్చుంటే ప్యాంటు నలుగుతుంది."